నంబరు లేని మాట

నా చిన్నప్పుడు అని మొదలుపెట్టే వయసు నాకింకా రాలేదని మా అమ్మ అభిప్రాయం. కానీ మొన్న రాయపూర్‌లో తెలీబంధా చెరువు గట్టున నడుస్తుంటే ఒక పిల్లాడు బంతిని నా కాళ్ల మీదికి తన్ని, "ఆంటీ, బాల్ దే దో" అన్నాడు. చుట్టూ చూశాను. ఇంకో ఆంటీ ఎవరూ లేరు. బంతి ఇచ్చేసి ఇంటికొచ్చాను. జ్ఞాపకాలు రాసుకునే అర్హత వచ్చేసినట్టేనని నిర్ణయించుకున్నాను.

కాబట్టి, నా చిన్నప్పుడు. మా మామ్మ, అంటే నాన్నగారి అమ్మ, రైల్వేలో గేటు వేసే ఉద్యోగం చేసి అప్పటికి కొత్తగా రిటైరయింది. శ్రీకాకుళం వైపు నుంచి మా తాతయ్య వెంట రాయపూర్ వచ్చిన మనిషి. తాతయ్య పట్టాల గ్యాంగులో పనిచేస్తూ పోయారు. ఆయన ఉద్యోగానికి బదులు ఆమెకు ఊరి బయట, పొలాల మధ్య, విజయనగరం వెళ్లే లైను మీద ఒక గేటు ఇచ్చారు. సొంత ఊరి వైపు వెళ్లే బళ్లన్నీ ఆమె పచ్చజెండా చూసుకుంటూ వెళ్లిపోయేవి, ఆమె మాత్రం అక్కడే నిలబడేది. ఈ ముక్క చెప్పినప్పుడల్లా మా అత్త కొంగుతో కళ్లు ఒత్తుకుంటుంది. మామ్మకు మాత్రం అందులో ఏడవాల్సిందేమిటో ఎప్పుడూ అర్థం కాలేదు. "అందరూ బండెక్కీస్తే గేటెవులేస్తారే?" అనేది.

గేటు దగ్గర ఒక పద్ధతి ఉంది. బండి వస్తోందని స్టేషన్ మాస్టరు ఫోన్ చేస్తారు. ఊరికే చెబితే ఆ మాట చెల్లదు. చెబుతూ ఒక నంబరు ఇవ్వాలి. గేటు వేసి తాళం పెట్టాక మామ్మ కూడా తన నంబరు తిరిగి చెప్పాలి. రెండు నంబర్లూ పుస్తకంలో ఎక్కాలి. రేపు ఏదైనా జరిగితే ఎవరి మాట మీద ఎవరేం చేశారో ఆ పుస్తకం చెబుతుంది. రైల్వే వాళ్లు దాన్ని ప్రైవేట్ నంబర్ అంటారు. మామ్మ అక్షరాలను కూడబలుక్కుని చదివేది గానీ, ఆ పుస్తకంలో అంకెలు మాత్రం ముత్యాల్లా వేసేదట.

ఉద్యోగం అయిపోయింది కానీ పద్ధతి ఇంటికొచ్చేసింది. రేపు పాలవాడు రాడంట అని ఎవరైనా అంటే, "ఎవులన్నారు? నంబరేది?" అని అడిగేది. ఆఫీసులో ఆలస్యమవుతుందని నాన్న ఫోన్ చేసినా అంతే. నాన్న విసుక్కుంటూ "నలభై రెండు" అనేవారు. మామ్మ తృప్తిగా గోడ మీది క్యాలెండరులో ఆ తేదీ పక్కన నలభై రెండు వేసుకునేది. మా ఇంట్లో ఇప్పటికీ పాత క్యాలెండర్లు పారేయరు. ఎందుకో ఎవరికీ తెలియదు.

ఆమెకు ఒకే ఒక కోరిక ఉండేది. చలికాలం ఆదివారాల్లో ఆ గేటు దగ్గర పిక్నిక్ వ్యాన్లు ఆగేవి. గిన్నెలు, చాపలు, బ్యాట్లు, పిల్లలు. ఎక్కడికి అంటే సిర్పూర్ అనేవాళ్లు. మహానది ఒడ్డున ఉన్న పాత ఊరు అది. ఒకప్పుడు రాజధాని. ఎర్ర ఇటుకల గుడి, బౌద్ధుల విహారాలు, బోలెడు ఇసుక, నీళ్లు. అక్కడ నది ఒడ్డున తిని, ఆపైన ఉన్న అడవిలో జీపులో తిరిగి, సాయంత్రానికి మళ్లీ ఇదే గేటు దగ్గర ఆగి, "అడవి దున్నను చూశాం దాయీ" అని చెప్పేవాళ్లు. దాయీ అంటే ఇక్కడి ఛత్తీస్‌గఢీలో పెద్దావిడని పిలిచే పిలుపు. ముప్పయ్యేళ్లు ఇతరుల దున్న కబుర్లు విన్నాక మామ్మ తన దున్నను తానే చూసుకోవాలనుకుంది. అంతకుమించి ఆమె జీవితంలో ఎవరినీ ఏమీ అడిగినట్టు నాకు గుర్తులేదు.

నాకు పదేళ్లప్పుడు ఆ అవకాశం వచ్చింది. మా కాలనీ తెలుగువాళ్లంతా కార్తీకమాసంలో ఒక ఆదివారం వనభోజనాలకు సిర్పూర్ వెళ్లాలని తీర్మానించారు. వనభోజనమంటే ఉసిరిచెట్టు కింద తినాలి. నది ఒడ్డున ఉసిరిచెట్టు ఉంటుందో లేదో అని మా తెలుగు సంఘం పెద్దలు మూడు మీటింగులు పెట్టుకుని, చివరికి కుండీలో ఉన్న ఉసిరి మొక్కనొకదాన్ని రాయపూర్ నుంచి బస్సులో తీసుకెళ్లారు. దానికి డ్రైవరు వెనక కిటికీ సీటు ఇచ్చారు. మోకాలెత్తు మొక్క. దాని నీడలో అరవై మంది భోంచేయాలి. నా సీటు చక్రం మీద ఉంది కాబట్టి ఆ కుండీని దారి పొడుగునా అసూయగా చూశాను.

అడవికి మూడు జీపులే దొరికాయి. పద్దెనిమిది సీట్లు. వారం ముందే చీటీలు తీశారు. మామ్మ పేరు వచ్చింది, నా పేరూ వచ్చింది. మామ్మ ఆ చీటీని కొంగుకు ముడివేసుకుంది. ఇంటికొచ్చి క్యాలెండరు మీద ఆ ఆదివారం చుట్టూ పెన్నుతో గీసింది, కాగితం చిరిగేదాకా.

సిర్పూర్‌లో బస్సు దిగాక ఆడవాళ్లు కత్తిపీటలు తీశారు. ఎవరో మామ్మకు కూడా ఒకటి ఇవ్వబోతే, "అడివి సూడ్డానికొచ్చినానమ్మా, అరటికాయలు తరగడానిక్కాదు" అని నది ఒడ్డుకు వెళ్లి కూర్చుంది. రెక్కలు ఆరబెట్టుకుంటున్న నీటికాకిని చూస్తూ ఉండిపోయింది. కాకి కూడా ఆమెనే చూస్తూ ఉంది. ఇద్దరికీ తొందరేమీ ఉన్నట్టు లేదు.

అప్పుడొచ్చాడు ఆ అతిథి. ఎవరో పెద్ద ఆఫీసరు గారి బావమరిది. సొంత కారు, మోచేయంత పొడుగు లెన్సున్న కెమెరా. పిలిచింది మా సంఘం సెక్రటరీ బాబాయి. కాలనీలో అందరికీ ఆయన బాబాయే. పద్దెనిమిది సీట్లున్నాయి, పద్దెనిమిది పేర్లున్నాయి, పందొమ్మిదో మనిషి వచ్చాడు. సెక్రటరీ బాబాయి లిస్టును ఒకసారి పైనుంచి కిందికి, ఇంకోసారి కిందినుంచి పైకి చూశారు. తర్వాత నన్ను పక్కకి పిలిచారు.

"తెలివైనదానివి కదా, సమఝో. జీపు కుదుపుకి మామ్మ నడుం పట్టేస్తుంది. పైగా ఆవిడకి కనిపించేదెంత? నువ్వు చెబితే వింటుంది. నీకు ముందు సీటు, డ్రైవరు పక్కన. ఠీక్?"

డ్రైవరు పక్క సీటు. పొద్దుటినుంచీ చక్రం మీద కూర్చున్న మనిషిని నేను. ఠీకే అన్నాను. ఇంత తేలిగ్గా మారిపోయానేమిటని ఇప్పుడు ఆలోచిస్తే, మారిపోవడం ఎప్పుడూ అంత తేలిగ్గానే ఉంటుందని తెలుస్తోంది. కష్టమైతే ఇంతమంది ఎందుకు మారతారు.

నది దగ్గరికెళ్లి చెప్పాను. జీపు బాగా కుదుపుతుందంట, నీ నడుం పట్టేస్తుందంట, నువ్వు ఇక్కడే ఉండు మామ్మా.

మామ్మ నీటికాకి మీంచి చూపు తిప్పలేదు. "ఎవులన్నారు?"

"అందరూ."

"అందరికీ కలిపి ఒక నంబరుండదే. ఎవులన్నారో సెప్పు."

ముందు సీటు నా కళ్లముందు మెరుస్తోంది. "నేనే అంటున్నా."

"నీ మాటేనా?"

"నా మాటే."

ఆమె అప్పుడు నా వైపు చూసింది. కోపం లేదు, బాధ లేదు. ఫోన్‌లో చెప్పిన నంబరు సరిగ్గా విన్నామా లేదా అని మళ్లీ అడిగే మనిషి చూపు అది. "సరే, నీ మాటైతే కాదనను" అంది. నేను పరిగెత్తుకుంటూ వచ్చి సెక్రటరీ బాబాయికి చెప్పేశాను. ఆయన నా తల నిమిరారు. ఆ నూనె చెయ్యి ఇప్పటికీ గుర్తుంది. వడలు రుచి చూసి వచ్చారు.

భోజనాల ముందే జీపులొచ్చాయి. వాటితో పాటు లావుపాటి రిజిస్టరు పట్టుకుని ఒక ఫారెస్టు గార్డు వచ్చాడు. వస్తూనే మా కుండీని చూసి ఇదేమిటని అడిగాడు. ఉసిరి మొక్క, పూజకి అన్నారు. అతను కొంచెంసేపు మొక్కని, కొంచెంసేపు మమ్మల్ని చూసి, మీరు వెళ్లే అడవి నిండా అవే చెట్లండీ అని వినయంగా చెప్పాడు. మా పెద్దలు వినయంగా విననట్టు ఊరుకున్నారు.

ముందే పంపిన లిస్టు ప్రకారం అతని రిజిస్టరులో పేర్లు ఎక్కి ఉన్నాయి. ఒక్కో పేరూ పిలిచి మనిషిని చూసి గీత పెడుతున్నాడు. నేను మొదటి జీపులో ముందు సీట్లో, రాణిగారిలా కూర్చున్నాను. నా వెనక అతిథి, అతని కెమెరా. గార్డు మామ్మ పేరు పిలిచాడు. ఎవరూ పలకలేదు. సెక్రటరీ బాబాయి ముందుకొచ్చి, ఆ పేరు కొట్టేసి ఈ సాబ్ పేరు రాయమన్నారు.

"కాట్ దూంగా సాబ్. కిస్‌నే కటవాయా, బస్ ఇధర్ దస్తఖత్ కర్ దీజియే" అన్నాడు గార్డు. కొట్టేస్తాను, కొట్టించిందెవరో ఇక్కడ సంతకం పెట్టండి అని. అడవిలోకి ఎవరెళ్లారో, తిరిగి ఎవరొచ్చారో రేపు అడిగితే జవాబు చెప్పాల్సింది తనే కదా.

బాబాయి జేబులోంచి పెన్ను తీసి, విదిలించి, రాయడం లేదన్నారు. గార్డు తన పెన్ను ఇచ్చాడు. అప్పుడు బాబాయి నవ్వి, నేనెందుకు, ఆవిడే రానంది, ఆవిడ చేతే పెట్టించు అన్నారు. నలుగురు నది వైపు తిరిగి మామ్మా మామ్మా అని అరిచారు. నీటికాకి ఎగిరిపోయింది. మామ్మ మాత్రం చీర కుచ్చిళ్లకు అంటిన ఇసుక దులుపుకుని, చెప్పులు వెతుక్కుని, రావాల్సినంత సేపట్లో వచ్చింది.

పెన్ను తీసుకుంది. రిజిస్టరులో తన పేరును వేలితో వెతుక్కుని, కూడబలుక్కుని, మొత్తం చదివింది. పక్కన ఖాళీగా ఉన్న గడిని చూసింది.

"నాను రానని అన్లేదు బాబూ. ఉండిపొమ్మని నా మనవరాలు సెప్పింది. ఎవులి మాటైతే ఆళ్లే సంతకం ఎట్టాల" అని, ఆ పెన్నును కిటికీలోంచి నాకు అందించింది.

నేను అంతకుముందు ప్రోగ్రెసు కార్డు మీద నాన్న సంతకం ఒకసారి పెట్టాను. అది తేలిగ్గానే వచ్చింది. ఇప్పుడు నా సంతకం నేనే పెట్టాలి. గార్డు రిజిస్టరును నా ఒళ్లో పెట్టాడు. మామ్మ పేరు అక్కడ నీలం సిరాతో ఉంది. దాని మీద గీత గీసి పక్కన నా పేరు రాయాలి, అంతే. అయిదు అక్షరాల పని. ఎవరూ తిట్టడం లేదు. మామ్మ అయితే అసలు నన్ను చూడడమే లేదు, జీపు టైరులో గాలి ఎంతుందో చూస్తోంది.

"చిన్నపిల్ల సంతకం చెల్లుతుందా?" అని గార్డును అడిగింది కాలనీ నర్సు అక్క, పులిహోర గిన్నె దగ్గర్నుంచి. ఆమె కాలనీలో చర్చి వీధిలో ఉండేది, రైల్వే ఆసుపత్రిలో పని. వనభోజనం ఎవరిదైనా పులిహోర ఆమెదే.

"నహీ చలేగా దీదీ" అన్నాడు గార్డు.

"పోనీ నడుం నొప్పని డాక్టరెవరైనా చెప్పారా బాబాయ్? నాకు తెలిసి మామ్మ బీపీ మీకంటే బాగుంది."

ఎవరో కిసుక్కుమన్నారు. నేను జీపు దిగాను. దిగుతుంటే మా అమ్మ వచ్చి నా రెక్క పట్టుకుంది, గట్టిగా, నోరు తెరవకు అనే పట్టు అది. ఆ పట్టు నాకు బాగా తెలుసు. చెయ్యి విడిపించుకుని సెక్రటరీ బాబాయి దగ్గరికి వెళ్లి పెన్ను చాపాను.

"ఇది మీ మాట బాబాయ్. మీరు పెట్టండి. ముందు సీటు ఇస్తానని నాతో చెప్పించారు. నాది అని అబద్ధమాడాను."

సంఘం మొత్తం మా వైపు తిరిగింది. ఇలాంటి చోట గుండె చప్పుడు వినిపించిందని రాస్తారు. నాకు వినిపించింది సాంబారు ఉడుకుతున్న చప్పుడు.

బాబాయి పెన్ను అందుకోలేదు. కళ్లజోడు బస్సులో ఉండిపోయిందన్నారు. అది ఆయన నుదుటి మీదే ఉంది. అందరికీ కనిపిస్తోంది, ఎవరూ చెప్పలేదు.

"ఎల్లి తెచ్చుకో బాబూ. తొందరేటి లేదు, నానుంటాను" అంది మామ్మ.

అంతే. ఆమె అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. గొంతు పెంచలేదు. జీపు ముందు కొంగు బిగించి నిలబడలేదు. చీటీలో వచ్చిన సీటు నాది అని ఉపన్యాసమివ్వలేదు. పెన్ను గాల్లో ఉంది, పేరు కాగితం మీద ఉంది, సంతకం పెట్టేవాడు లేడు. ఇంజను ఆడుతూ ఉంది. మూడు జీపుల జనం, గార్డు, అరవై మంది సంఘం, అందరూ ఒక్క మనిషి నుదుటి మీది కళ్లజోడు కోసం ఎదురుచూస్తున్నారు. గేటు వేసి ఉన్నప్పుడు హారను కొట్టే లారీలను ఆమె ఎలా చూసి ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది.

కాసేపటికి అతిథే దిగిపోయాడు. పాపం, అతనికి తెలుగు రాదు కాబట్టి అప్పటిదాకా ఈ పెన్ను చేతులు మారడమంతా ఏదో ఆచారమనుకున్నాడట. నర్సు అక్క హిందీలో రెండు ముక్కలు చెప్పేసరికి ఎర్రబడి, సీటు ఖాళీగా ఉందన్నారు గనక ఎక్కాను దాయీ, మాఫ్ కరో అన్నాడు. మామ్మ అతన్ని మాఫ్ చేయడానికి కారణమేమీ కనిపించక, నీటికాకి ఏ రాయి మీద వాలుతుందో చూపించింది. ఆ మధ్యాహ్నం అతను తీసిన పక్షుల ఫోటోలు తర్వాత ఏదో పత్రికలో కూడా వచ్చాయని విన్నాం. మా జీపులవాళ్లు తీసిన వాటిలో దుమ్ము బాగా పడింది.

డ్రైవరు ముందు తలుపు తీసి, "ఆఘూ మ బైఠ్ దాయీ" అన్నాడు. మామ్మ ముందు కూర్చుంది. నేను వెనక, మళ్లీ చక్రం మీద. దారంతా ఆమె నాతో మాట్లాడలేదు. క్షమించమని అడగాలని నోరు తెరిచినప్పుడల్లా గుంట వచ్చి నాలుక కరుచుకున్నాను. రెండోసారి కరుచుకున్నాక మానేశాను.

దుప్పులు కనిపించాయి. అడవికోళ్లు కనిపించాయి. గార్డు చెప్పినట్టే ఉసిరిచెట్లు లెక్కలేనన్ని కనిపించాయి. చివరికి ఒక మలుపులో దున్న కనిపించింది. నల్లటి కొండలా, కాళ్లకు తెల్ల మేజోళ్లు వేసుకున్నట్టు, దారికి అడ్డంగా. అది మమ్మల్ని చూసింది. మమ్మల్ని చూసిన ఆనందమేమీ దానికి కలిగినట్టు లేదు. నెమ్మదిగా దాటి పొదల్లోకి వెళ్లిపోయింది. అందరం ఊపిరి వదిలాం. డ్రైవరు గేరు వేశాడు.

మామ్మ అతని చేతి మీద చెయ్యి వేసింది. "థోరిక్ రుక్ బేటా, పాఛూ మ అఉ ఆవత్ హే." కొంచెం ఆగు, వెనక ఇంకోటి వస్తోంది అని. మాకెవరికీ ఏమీ కనిపించడం లేదు. అయినా ఆగాడు. నిమిషం అయింది, రెండు నిమిషాలయ్యాయి. పొద కదిలి ఒక దూడ బయటికొచ్చింది, ఎర్రమట్టి రంగులో, కాళ్లు ఇంకా తనవేనని నమ్మకం కుదరనట్టు నడుస్తూ. రోడ్డు మధ్యలో ఆగి, తుమ్మి, తల్లి వెళ్లిన వైపు పరిగెత్తింది.

"ఎలా తెలిసింది మామ్మా?" అని అడిగాను. ఆ రోజు నేను ధైర్యంగా అడిగిన మొదటి ప్రశ్న.

"ఒక బండి ఎల్లిపోయిందని గేటు తీసీకూడదే గుంటా. రెండో లైను సూసుకోవాల." వెనక్కి తిరక్కుండానే అంది: "పెన్ను అతగాడికిచ్చినావు, బాగుంది. ముందే ఇచ్చుంటే ఇంకా బాగుణ్ను."

అదే నాకు పడిన తిట్టు, అదే మెచ్చుకోలు. మా అమ్మ ఇంటికొచ్చాక తన వాటా విడిగా ఇచ్చింది. సెక్రటరీ బాబాయి ఆ ఏడాది పొడుగునా నన్ను చూస్తే రోడ్డు దాటేవారు. ఆ తర్వాతి ఎన్నికల్లో మళ్లీ ఆయనే సెక్రటరీ అయ్యారు. జీవితంలో గుణపాఠాలు అందరికీ ఒకేసారి అందవు.

ఇప్పుడు నేను నయా రాయపూర్‌లో ఒక ఆఫీసులో పనిచేస్తున్నాను. అక్కడ రోడ్లు వెడల్పు, మనుషులు తక్కువ. ఆజ్ఞలన్నీ పైనుంచి వస్తాయి. పైన ఎవరో ఎవరికీ తెలియదు. ఆ మధ్య ఆఫీసులో గ్రూపు ఫోటో తీస్తున్నారు. మా మేనేజరు నా దగ్గరికొచ్చి, రోజూ ఆఫీసు ఊడ్చే ఆవిడ కొత్త చీర కట్టుకుని వచ్చి ముందు వరసలో కూర్చుందని, కొంచెం పక్కకి జరగమని నన్ను చెప్పమన్నారు. నువ్వైతే మర్యాదగా చెబుతావు అన్నారు. ఆ తల నిమిరే పద్ధతి నాకు పాతదే.

"ఎవరు చెప్పమన్నారని చెప్పను సార్?" అని అడిగాను.

"ఎవరూ కాదు, ఊరికే, అందరూ అనుకుంటున్నారు."

"అయితే అందరినీ వెళ్లి చెప్పమనండి సార్. నేను చెప్పను."

ఆయన నన్ను చూశారు, కెమెరా వాణ్ని చూశారు, ఆవిణ్ని చూశారు. చెప్పడానికి వెళ్లలేదు. నేను మొండిదాన్నని అప్పటినుంచి ఆఫీసులో పేరు. ఉండనీ. ఆ సిర్పూర్ ఒడ్డున "నా మాటే" అని ఒక్కసారి అన్నాను. ఆ ఒక్కసారి చాలు నాకు. ఇంకొకరి మాట నా నోట పెట్టుకుని, కూర్చున్న మనిషిని నేను లేపను. ఆ ఫోటో మా రిసెప్షన్ గోడ మీద ఉంది. ముందు వరసలో ఆవిడ, పచ్చచీరలో, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, కెమెరాలోకి సూటిగా చూస్తూ ఉంటుంది. మేనేజరు గారు మాత్రం క్లిక్కుమన్న క్షణంలోనే రెప్ప వేశారు.